ఈ-బైక్ డిస్‌ప్లే ఆంపియర్లు సరిచేయడానికి ఏది మేలు: క్లాంప్ మీటరా, వాట్ మీటరా?

డిస్‌ప్లే 500 వాట్లు చూపిస్తున్నా, బ్యాటరీ నుంచి పోయేది 400 కావచ్చు, 600 కావచ్చు. కంట్రోలర్‌లో (మోటారుకి కరెంటు పంపే పెట్టె) ఉన్న షంట్ (కరెంటు కొలవడానికి వాడే అతి చిన్న రెసిస్టరు) అసలు విలువ ఒకటి, సెట్టింగ్‌లో ఉన్నది ఇంకొకటి అయితే ఆంపియర్లూ వాట్లూ రెండూ తప్పుతాయి. సైకిల్ అనలిస్ట్ లాంటి డిస్‌ప్లేలలో ఈ విలువను మిల్లీఓమ్‌లలో మనమే మార్చుకోవచ్చు. మరి దేన్ని కొలబద్దగా పెట్టుకోవాలి?

క్లాంప్ మీటరుతో వైరు కోయక్కర్లేదు. కానీ అది డీసీ కొలిచేదై ఉండాలి. చవకగా దొరికేవాటిలో చాలా వరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బ్యాటరీ వైరుకి పెడితే ఏమీ చూపించవు. దవడల మధ్య ఒక్క వైరే ఉండాలి, ముందు జీరో నొక్కాలి. అసలు చిక్కు బండి నడిపేటప్పుడు వస్తుంది. కరెంటు క్షణక్షణం మారుతుంటే రెండు అంకెల్ని ఒకేసారి చదవడం కుదరదు. స్టాండు వేసి చక్రం గాల్లో తిప్పితే పోయేది ఒకటి రెండు ఆంపియర్లే, అంత చిన్న కరెంటుకి క్లాంప్ సొంత తేడానే ఎక్కువ.

అందుకే నా ఓటు బ్యాటరీకీ కంట్రోలర్‌కీ మధ్య సిరీస్‌లో పెట్టే వాట్ మీటరుకే. ఇది మొత్తం ఆంపియర్-అవర్లు కూడుకుంటూ పోతుంది. డిస్‌ప్లేనీ మీటరునీ సున్నా చేసి, రోజూ వెళ్లే దారిలో ఒక రౌండు వేసి, చివర్లో మొత్తాలు పోల్చితే చాలు. మధ్యలో ఎన్ని సిగ్నళ్లున్నా, ఎన్ని ఎత్తుపల్లాలున్నా టెన్షన్ లేదు. డిస్‌ప్లే 11 ఆంపియర్-అవర్లు, మీటరు 10 చూపిస్తే షంట్ సెట్టింగ్‌లో ఉన్న 1.000 మిల్లీఓమ్‌ని 1.100 చేయాలి. 48 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జిలో 54.6 వోల్టులుంటుంది కాబట్టి మీటరు దాన్ని తట్టుకోగలదో లేదో చూసి కొనండి. రీజెన్ (బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లడం) ఉన్న బండైతే ఆ రౌండుకి దాన్ని ఆపేయండి, చాలా చవక మీటర్లు వెనక్కి వచ్చే కరెంటును లెక్కపెట్టవు.

బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) యాప్ ఉజ్జాయింపుకి పనికొస్తుంది, అంతే. మల్టీమీటరును సిరీస్‌లో పెట్టే ఆలోచన మాత్రం వద్దు. దాని హద్దు మామూలుగా 10 ఆంపియర్లు, బండి ఎక్కగానే ఫ్యూజు పోతుంది. దాన్ని వోల్టేజి సరిచూడటానికి వాడండి. వాట్లంటే వోల్టులు, ఆంపియర్ల గుణకారమే కదా. రౌండుకి ముందు మోటారు ఆగి ఉన్నప్పుడు డిస్‌ప్లే కరెంటును సున్నాకి తెచ్చుకోండి. అక్కడ 0.3 ఆంపియర్లు మిగిలినా సిగ్నల్ దగ్గర నిలబడిన ప్రతి నిమిషమూ లెక్కలో కలిసిపోతుంది.