చీమల పెట్టెకు పీటీఎఫ్ఈ పూత: కొనొచ్చు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు

చీమల్ని పెంచేవాళ్లు పెట్టె అంచుకు లోపలివైపు రాసే తెల్లటి ద్రవం ఇది. ఎక్కువమంది ఫ్లూఆన్ అంటారు. నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పీటీఎఫ్ఈనే నీళ్లలో సన్నటి రేణువులుగా కలిపి చిన్న సీసాల్లో అమ్ముతారు. ఆరిన పూత మీద చీమ కాలికి పట్టు దొరకదు, జారి కిందపడుతుంది. చీమలున్న గదిలోనే మాంటిస్‌లు (ముందు కాళ్లు ముడుచుకుని వేటాడే పురుగులు), పుల్లపురుగులు, కీచురాళ్లు కూడా పెంచుతుంటే ఇది ఉండి తీరాలి. కుబుసం విడిచేటప్పుడు మాంటిస్ తలకిందులుగా వేలాడుతుంది, కదల్లేదు, ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. అప్పుడు నాలుగు చీమలు దూరినా బతకడం కష్టం.

సగం ఫలితం రాయడంలోనే ఉంది. ముందు గాజునో అక్రిలిక్‌నో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు వదిలించండి. సీసాను గట్టిగా కుదపొద్దు, ద్రవం ముద్దకడుతుంది. నెమ్మదిగా తలకిందులు చేసి తిప్పితే చాలు. పెట్టెను బోర్లించి, స్పాంజి ముక్కతో అంచు వెంట 3 సెంటీమీటర్ల పట్టీ ఒకే ఊపులో పలచగా లాగండి. 30×20 సెంటీమీటర్ల పెట్టెకు ఒకట్రెండు మిల్లీలీటర్లు సరిపోతాయి. సగం ఆరినచోట మళ్లీ రాస్తే పాత పొర లేచివస్తుంది. మందంగా రాస్తే పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లే చీమకు మెట్లు. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే చీమల్ని వదలండి.

అసలు ఇబ్బంది తేమతో. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో ఈ పూత చీమల్ని ఆపే గుణాన్ని త్వరగా కోల్పోతుంది. మూత లోపల నీటి బొట్లు పడుతున్నా అంతే. వేలు తగిలినచోట, గీత పడినచోట, దుమ్ము పేరుకున్నచోట దారి తెరుచుకుంటుంది. చెత్తను మూలకు కుప్పపోసి, ఆ కుప్ప మీంచి పూతను దాటేసే చీమలూ ఉన్నాయి. అందుకే మూత ఉండాల్సిందే. చిన్న జాతులైతే గాలి రంధ్రాలకు 60 మెష్ స్టీలు జాలీ వేయండి, దాని కన్నం పావు మిల్లీమీటరే. మామూలు దోమతెర వాటిని ఆపదు.

ఖరీదు ఎక్కువనిపిస్తే టాల్కం పౌడరును ఆల్కహాల్‌లో పాలలా కలిపి రాసుకోవచ్చు. చవకే, కానీ త్వరగా రాలిపోతుంది. వాజలైన్ మన ఎండలకు కరిగి కారుతుంది, దాన్ని నేను సిఫారసు చేయను.

ఈ పూత చేయలేనిది ఒకటుంది: ఒకసారి బయటపడ్డ చీమల నుంచి పక్క పెట్టెల్ని కాపాడటం. చెక్కకు, గుడ్డ జాలీకి ఇది సరిగ్గా పట్టదు. అక్కడ పాత పద్ధతే గట్టిది. పట్టుపురుగులు పెంచే రైతులు స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడతారు కదా, మాంటిస్ స్టాండుకూ అదే చేయండి. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే చీమ నీటి మీద నడవలేక మునిగిపోతుంది. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చండి. దుమ్ము తేలితే అదే వంతెన అవుతుంది. స్టాండు గోడకు తగలకూడదు, కరెంటు వైరు వేలాడకూడదు.

చీమలు అప్పటికే దూరి ఉంటే ఆ పెట్టెను సబ్బునీళ్ల తొట్టిలో, ఒక ఇటుక మీద నిలబెట్టండి. పురుగుల్ని మెత్తటి కుంచెతో వేరే డబ్బాలోకి మార్చండి. కుబుసం విడుస్తున్నదాన్ని మాత్రం కదపకుండా, చుట్టూ ఉన్న చీమల్నే తీసేయండి. చీమల చాక్‌పీసు, స్ప్రే జోలికి వెళ్లొద్దు. వాటిలోని మందు మాంటిస్‌నూ చంపుతుంది, దాని మేత పురుగుల్నీ చంపుతుంది. తర్వాత మట్టిలో చీమ గుడ్లు, లార్వాలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే కాపురం అక్కడికి మారినట్టే. అప్పుడు ఆ పెట్టెకు వెలుతురు పెట్టి, లోపలి తడి ఆరనిచ్చి, పక్కనే చీకటిగా, తడిగా ఉండే టెస్ట్‌ట్యూబు ఉంచితే చాలా జాతులు పిల్లలతో సహా వాటంతటవే అందులోకి చేరతాయి. ఖాళీ అయిన మట్టిని రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి పారేయండి.

ఐదుకు నాలుగు ఇస్తాను. తేమ దగ్గర ఒకటి తగ్గించాను. పెద్ద సీసా కొనకండి. మూత తీశాక అంచున గట్టిపడి ముక్కలు ద్రవంలో కలుస్తాయి. ఇంట్లో చల్లగా ఉండే చోట దాచండి కానీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు.