వనస్థలిపురం ట్రాలీ అడ్డా: మియాపూర్ నుంచి 55 అంగుళాల టీవీ తెచ్చుకున్నాం

మొన్న ఆదివారం మియాపూర్‌లో ఒక కుటుంబం దగ్గర కొన్న పాత టీవీని వనస్థలిపురంలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. 55 అంగుళాలది. అట్టపెట్టె వాళ్లెప్పుడో పారేశారు. దాదాపు ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణం, అయినా ఒక్క గీత పడలేదు. తెచ్చినాయన రైతుబజార్ వైపు అడ్డా మీద బండి పెట్టుకునే టాటా ఏస్ డ్రైవరు. కిరాయి 1,500, రెండో అంతస్తుకు ఎక్కించినందుకు 200, థర్మాకోల్ అట్టలకు 80. మొత్తం 1,780 రూపాయలు.

నాలుగేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు మా 43 అంగుళాల టీవీని చేతులారా పోగొట్టుకున్నాం. మెత్తగా ఉంటుందని పరుపు మీద పడుకోబెట్టి తెచ్చాం. పైన ఏ సామానూ పెట్టలేదు. దించాక చూస్తే బాగానే ఉంది. ఆన్ చేస్తే ఎడమ మూల సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, దాని పక్కనే నిలువు గీతలు. మెకానిక్ వచ్చి ప్యానెల్ పగిలిందన్నాడు. అది మార్చడానికి చెప్పిన డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త టీవీయే వస్తుంది. వారంటీ ఇంకా ఉంది కానీ దెబ్బ తగిలి పగిలిన ప్యానెల్‌కు అది పనికిరాదు. సాయంత్రాలు టీవీ ముందే గడిపే అమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఆ గోడకేసి చూస్తూ కూర్చునేది. అందుకే ఈసారి టీవీ బేరం కుదరకముందే బండి సంగతి చూసుకున్నాను.

మా బావ కారు ఇస్తానన్నాడు. టేపు పెట్టి కొలిచాం. 55 అంగుళాలన్నది మూల నుంచి మూలకు. అడ్డంగా కొలిస్తే నాలుగడుగులు, ఎత్తు రెండడుగుల మూడంగుళాలు. ఆ చిన్న కారు వెనక తలుపులోంచి అది నిలువుగా దూరదు, పడుకోబెట్టి తోయాల్సిందే. ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేయదలచుకోలేదు. సామాన్లు మార్చే ఒక కంపెనీకి ఫోన్ చేస్తే 3,800 అన్నారు, పైగా డబ్బా లేని టీవీ పగిలితే పూచీ మాది కాదన్నారు. పూచీ లేనప్పుడు అంత డబ్బు దేనికి? ఒక యాప్‌లో మూడు చక్రాల ట్రాలీ 1,050కే చూపించింది. బుక్ చేశాను. డ్రైవరు ఫోన్ చేసి, తాను బండి దిగనని, ఎక్కించడం కట్టడం మీరే చూసుకోవాలని చెప్పాడు. క్యాన్సిల్ చేశాను.

శనివారం సాయంత్రం కూరగాయలకు వెళ్లినప్పుడు అడ్డా దగ్గర ఆగి అడిగాను. ఇద్దరు ముందు కిరాయి చెప్పారు. మూడో ఆయన మాత్రం, "డబ్బా ఉన్నదా అక్కా? ఎన్ని అంగుళాలు? ఏ అంతస్తు?" అని అడిగాడు. డబ్బా లేదన్నాను. "అయితే బొంతలు తీస్కరా. టీవీని పండవెట్టొద్దు, నిలవెట్టాలె" అన్నాడు. నేను ఆయన్ని ఎంచుకున్నది ఆ మాట విన్నాకే. 1,800 చెప్పాడు, 1,500కు ఒప్పుకున్నాడు. పొద్దున ఆరున్నరకే బయల్దేరాలని, ఎండెక్కితే అమీర్‌పేట దగ్గర ఇరుక్కుంటామని కూడా ఆయనే చెప్పాడు.

మియాపూర్‌లో ముందు టీవీని గోడ మీద ఉండగానే ఆన్ చేసి చూశాం. తెల్లటి బొమ్మ ఒకటి, నల్లటి బొమ్మ ఒకటి పెట్టి మచ్చలేమైనా ఉన్నాయా అని వెతికి, నాలుగు మూలలూ ఫోటోలు తీసుకున్నాక డబ్బులిచ్చాను. గోడకు బిగించిన ఇనుప చట్రం విప్పి మరలన్నీ ఒక పొట్లంలో వేసి, రిమోట్‌కు కలిపి టేపు చుట్టి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఇలాంటి చిన్న వస్తువులే దారిలో పోయేది.

తర్వాతి పనంతా డ్రైవరన్న చేశాడు. తెర మీద ముందు పాత నూలు చీర, దాని మీద పలుచటి థర్మాకోల్ అట్ట, ఆపైన అమ్మ కుట్టిన బొంత చుట్టాడు. టేపు ఎక్కడా తెరకు తగలనివ్వలేదు. కట్టడానికి నైలాన్ తాడు తీస్తాడనుకున్నాను. సీటు వెనక నుంచి నవారు చుట్ట తీశాడు, పాత మంచానిదట. తాడు ఒకేచోట కోసుకుపోయినట్టు నొక్కుతుందని, నవారు వెడల్పుగా ఉంటుంది కాబట్టి బిగించినా ఒత్తిడి చెదిరిపోతుందని చెప్పాడు. అది కూడా తెర నడుమ నుంచి కాకుండా రెండు పక్కల అంచుల మీదుగానే వేశాడు. ఎత్తేటప్పుడు కూడా అంతే, ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క, ఒక చేయి కింద, ఒక చేయి అంచుకు. తెర మీద వేళ్లు ఆననివ్వలేదు.

టాటా ఏస్ తొట్టి పొడవు ఏడడుగులు, వెడల్పు ఐదడుగులకు కాస్త తక్కువ. మా టీవీ నాలుగడుగులే కాబట్టి క్యాబిన్ వెనక అడ్డంగా నిలబెట్టాడు. తెర క్యాబిన్ వైపు, మధ్యలో మడిచిన పరుపు, అడుగున మరో బొంత. తొట్టి పక్క డోరు వారగా ఎందుకు పెట్టలేదని అడిగాను. డోరు ఎత్తు అడుగే, పైన మిగిలినదంతా గాలికి ఊగుతుందన్నాడు. క్యాబిన్ అయితే వెనక నిండుగా ఆసరా ఇస్తుంది, ఎదురుగాలినీ ఆపుతుంది. ఇంకో సంగతి, లోడు లేని బండికి వెనక కమాన్ పట్టీలు, అంటే కుదుపు తట్టుకునే స్ప్రింగు పట్టీలు, బిర్రుగా ఉండి గుంత తగిలితే తోక దగ్గరే ఎక్కువ ఎగురుతుందట, ముందుకు జరిగేకొద్దీ కుదుపు తగ్గుతుందట. వెనక మిగిలిన ఖాళీలో టీవీ అమ్మినవాళ్ల దగ్గరే కొన్న పాత బల్ల వేసుకున్నాం. బరువుంటే బండి ఇంకా నిదానంగా పోతుందని ఆయనకది నచ్చింది.

నిలబెడితే ఎందుకు మేలో నాకు అప్పుడు అర్థమైంది. నిలబడినప్పుడు గాజు బరువు కింది అంచు మీద ఉంటుంది. పడుకోబెడితే పలుచటి గాజు అంచుల మీద మాత్రమే ఆని, నడుమ ఆసరా లేక, ప్రతి కుదుపుకూ వంగుతుంది. మా పాత టీవీ పోయింది అలాగే.

కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, పంజాగుట్ట, లక్డీకాపూల్, కోఠి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, అంటే మెట్రో స్తంభాల కిందుగానే దాదాపు దారంతా వచ్చాం. స్పీడ్ బ్రేకర్ కనిపించిన ప్రతిసారీ బండి దాదాపు ఆపి దాటించాడు. మూసాపేట దగ్గర ఒకసారి, మలక్‌పేట దగ్గర ఒకసారి దిగి నవారు ముడి చూసుకున్నాడు. నేను అడగలేదు. ఇంటికొచ్చేసరికి గంటన్నర పైనే పట్టింది.

లోపాలూ చెప్పాలి. రసీదు ఇవ్వరు, బీమా ఉండదు. ఏదైనా జరిగితే మనమూ ఆయనా మాట్లాడుకోవాల్సిందే. లక్ష రూపాయల కొత్త టీవీ అయితే నేను అడ్డాకు పోను, షాపువాళ్లే ఇంటికి పంపేలా బిల్లులోనే రాయించుకుంటాను. అడ్డా మీద అందరూ ఈయనలా ఉంటారని కూడా చెప్పలేను. ఆ ఇద్దరూ ముందు డబ్బే మాట్లాడారు కదా. మెట్ల కూలీ సంగతి ముందుగా అనుకోకపోవడం నా పొరపాటు. లిఫ్టులో అది పట్టదని ఇంటికొచ్చాక తెలిసింది. ఆయన 200 అడిగాడు, నాకు న్యాయంగానే అనిపించింది. మెట్ల మలుపు దగ్గర తాను కింది మెట్టు మీద ఉండి బరువంతా తన వైపు తీసుకున్నాడు.

బొంత విప్పి, ఆన్ చేసి, మళ్లీ తెల్లబొమ్మ పెట్టి మియాపూర్‌లో తీసిన ఫోటోలతో పోల్చి చూసేదాకా డ్రైవరన్న కదల్లేదు. అమ్మకు పోయిన నెలే కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. మంచం మీద నుంచే తెర కింద కదిలే వార్తల అక్షరాలు పైకి చదివింది. ఆయన నవారు చుట్టుకుంటూ, "పెద్దమ్మకు కనవడ్తున్నదా?" అని అడిగాడు. కనబడుతోందంది. అప్పుడు డబ్బులు తీసుకున్నాడు.