ఆడి ఆర్10, ప్యూజో 908: రెండు డీజిల్ కార్ల పోరు

ఈ రెండు రేసు కార్లలోనూ 5.5 లీటర్ల వి12 (పన్నెండు సిలిండర్ల) డీజిల్ ఇంజినే, ఇంజిన్‌లోకి గాలిని నెట్టి బలం పెంచే టర్బోలు రెండే. పోలిక దాదాపు అక్కడితో సరి. ఆడి ఆర్10కు పైకప్పు లేదు. డ్రైవర్ తల గాలికే. 2007లో వచ్చిన ప్యూజో 908 పూర్తిగా మూసిన కారు.

వేగంలో ప్యూజోదే పైచేయి. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కారు పందెం లె మాన్స్. 2008లో దాని క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో, ప్యూజో డ్రైవర్ స్టెఫాన్ సరాజాన్ 3 నిమిషాల 18.5 సెకన్లలో ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) ముగించాడు. ఆడి అయిదు సెకన్లకు పైగా వెనుక! అంత తేడా ఉంటే ఎవరైనా ఆశలు వదులుకోవలసిందే.

కానీ 24 గంటల పందెంలో ఒక్క ల్యాప్ లెక్క చెల్లదు. ప్యూజో రేడియేటర్లలో ట్రాక్ మీది చెత్త ఇరుక్కుని ఇంజిన్లు వేడెక్కాయి; శుభ్రం చేయడానికి పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లను సరిచేసే చోట) ఆగక తప్పలేదు. పైగా వాన. తడి రోడ్డు మీద ఆడి చెలరేగింది. ఆడి డ్రైవర్లు క్రిస్టెన్సన్, కపెల్లో, మెక్‌నిష్ గెలిచారు. రెండో స్థానంలోని ప్యూజో కూడా అదే ల్యాప్‌లో ఉంది.

2006 నుంచి ఆర్10 లె మాన్స్‌ను వరుసగా మూడుసార్లు గెలిచింది. అక్కడ 908కి 2009లో ఒక్కటే విజయం, అదీ ఆడి కొత్త కారు ఆర్15 మీద. అందానికి ప్యూజో, నమ్మకానికి ఆడి. నా ఓటు ఆడికే.