పాసుబుక్ ఇస్తామన్నారని ఫామ్ ప్లాట్ కొనేయకండి

వికారాబాద్, చేవెళ్ల, షాద్‌నగర్, యాదగిరిగుట్ట వైపు ఫామ్ ప్లాట్, అంటే వ్యవసాయ భూమిని చిన్న ముక్కలు చేసి అమ్మే ప్లాట్ చూస్తున్నవాళ్ళు టోకెన్ అమౌంట్ ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి.

సిటీ వదిలేసి, పిల్లలు మట్టిలో, చెట్ల మధ్య పెరిగేలా చిన్న పెంకుటిల్లు కట్టుకుందామని వికారాబాద్ వైపు 5 గుంటలు, అంటే 605 గజాలు తీసుకున్నాం. గేటు, ఆర్చి, 30 అడుగుల మట్టి రోడ్డు, పక్కన కొబ్బరి మొక్కలు అన్నీ చూపించారు. ‘పాసుబుక్ వస్తుంది సార్, ఇంకేం టెన్షన్?’ అన్నారు. పాసుబుక్ వచ్చింది. ఇల్లు కట్టుకునే దారి మాత్రం లేదు.

పాసుబుక్ ఉందంటే అది వ్యవసాయ భూమి అనే అర్థం. ఇల్లు కట్టాలంటే ముందు నాలా కన్వర్షన్, అంటే ఆ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం కావాలి, ఆ తర్వాత పర్మిషన్ కావాలి. వెంచర్‌కు లేఅవుట్ అప్రూవల్ లేదు కాబట్టి కుదరదని పంచాయతీ సెక్రటరీ తేల్చి చెప్పారు. బ్యాంకుకు వెళ్తే వ్యవసాయ భూమి మీద హోమ్ లోన్ ఇవ్వమన్నారు.

అసలు మోసం రిజిస్ట్రేషన్‌లోనే ఉంది. తెలంగాణలో వ్యవసాయ భూమిని 20 గుంటల లోపు ముక్కలు చేసి ఫామ్ ప్లాట్లుగా అమ్మకూడదు. 2025లో హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూడా వీటిని కొనొద్దని హెచ్చరించింది. ఈ 20 గుంటల రూల్ తప్పించుకోవడానికి ఒకరికొకరు పరిచయం లేని నలుగురిని కలిపి 20 గుంటలకు ఒకే డాక్యుమెంట్ చేస్తారు. బ్రోచర్‌లో నా ప్లాట్‌కు నంబర్ ఉంది, డాక్యుమెంట్‌లో ఆ నంబరూ లేదు, హద్దులూ లేవు. ఉన్నది ఉమ్మడి వాటా మాత్రమే. ఇప్పుడు ఏ కాగితం కదలాలన్నా మిగతా ముగ్గురి సంతకాలు కావాలి. వాళ్ళలో ఒకాయన అమెరికాలో ఉంటారు, ఫోన్ ఎత్తరు.

రోడ్డు సంగతి ఇంకా ఘోరం. అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగిస్తారు. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. రోడ్డు భూమి ఇప్పటికీ పాత పట్టాదారు పేరు మీదే ఉంది. ఆయన కొడుకులు కడీలు పాతి తీగ కట్టేశారు. ఆ రైతు కుటుంబానికి కూడా కంపెనీ డబ్బు బాకీ ఉందట. వాళ్ళను నేను తప్పుపట్టను. కంపెనీ మనిషి నంబర్ మాత్రం ఎప్పుడు చేసినా స్విచాఫ్.

శ్రీగంధం మొక్కలు పెట్టి ‘పదిహేనేళ్ళకు కోట్లు’ అనే వెంచర్లతో ఇంకా జాగ్రత్త. శ్రీగంధం పక్క చెట్ల వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుని పెరుగుతుంది. తోడు చెట్లు లేకుండా వరసగా నాటి వదిలేశారంటే అక్కడ ఎవరూ సాగు చేయడం లేదని అర్థం.

కొనేముందు సర్వే నంబర్ తీసుకుని ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో మీరే చూడండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా అంటే 22ఏలో ఉందా, అసైన్డ్ భూమా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి), చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దులోకి వస్తుందా కనుక్కోండి. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) కంపెనీ లాయర్‌కు కాకుండా మీ లాయర్‌కు చూపించండి. ‘ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చు’ అనే మాట అగ్రిమెంట్‌లో రాసి సంతకం పెట్టమనండి. మేం అడిగినప్పుడు ‘అది మామూలే సార్’ అని మాట దాటేశారు. మీకూ అదే జవాబు వస్తే అడ్వాన్స్ ఇవ్వకుండా లేచి వచ్చేయండి.