కార్బన్ స్టిక్‌కు ఏ టిప్ మేలు: నీలం టిప్పా, పొరల టిప్పా?

నల్లగొండలో నేను సాయంత్రాలు పూల్ ఆడే పార్లర్‌లో ఇప్పుడు మూడు కార్బన్ ఫైబర్ స్టిక్కులున్నాయి. ఒకటి నాది. కొత్తలో దాని చుట్టూ మూగినవాళ్ళంతా స్టిక్ గురించే అడిగారు: ఎంతకు పడ్డది, ఎండకు వంకర పోదా, గీతలు పడవా అని. టిప్, అంటే బాల్‌ను తాకే కొనమీది తోలు బిళ్ల, దాని సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కంపెనీ పెట్టిచ్చిన టిప్ అరిగి అట్టముక్క మందానికి వచ్చేదాకా నాకూ తట్టలేదు. ఇప్పుడు దీనికి ఏ తోలు పెట్టాలె?

పార్లర్‌లో టేబుళ్ళు, స్టిక్కులు చూసుకునే మా మార్కర్ దగ్గర జవాబు తయారుగా ఉంది. డబ్బాలోంచి నీలం టిప్ ఒకటి తీసి, "ఇదే పెడ్త అన్నా, ఇంకేముంటది" అన్నాడు. అది ఎల్క్‌మాస్టర్. చికాగోకు చెందిన ట్వీటెన్ కంపెనీది. ఒకే ముక్క తోలు, మెత్తగా ఉంటుంది. క్లబ్బు స్టిక్కుల మీద మనకు కనిపించే నీలం టిప్పుల్లో చాలావరకు ఇవీ, వీటి నకళ్ళూ. రెండో దారి పొరల టిప్. పలుచని పంది తోలు ముక్కల్ని ఏడెనిమిదో పదో ఒకదాని మీద ఒకటి అతికించి, ఒత్తి, గుండ్రంగా కోస్తారు. జపాన్ కముయి, అమెరికా టైగర్ ఈ రకంలో ఎక్కువగా వినిపించే పేర్లు. వీటిలో మళ్ళీ సాఫ్ట్, మీడియం, హార్డ్. ఒక్క కముయి డబ్బులకు ఎల్క్‌మాస్టర్లు పది పైచిలుకు వస్తాయి, కాబట్టి ఆలోచించకుండా కొనే వస్తువు కాదు.

ముందొక భ్రమ వదిలించుకోవాలి. "సాఫ్ట్ పెడితే స్క్రూ మస్తు వస్తది" అని ప్రతి పార్లర్‌లో ఒక పెద్దమనిషి చెబుతాడు. స్క్రూ అంటే వైట్ బాల్ ఇంకో బాల్‌కు తగిలి వెనక్కి తిరిగి రావడం. టిప్ వైట్ బాల్‌ను అంటుకొని ఉండేది సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. తోలు మెత్తనిదైనా గట్టిదైనా, బాల్ ఎంత తిరుగుతుందన్నది ముఖ్యంగా మనం మధ్య నుంచి ఎంత దూరంలో కొట్టామన్న దాన్ని బట్టే ఉంటుంది. పూల్ బాల్ వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. నడిమధ్య నుంచి సుమారు 14 మిల్లీమీటర్లు దాటి కొడితే ఏ టిప్ అయినా జారుడే. ఆ హద్దు దాకా జారకుండా ఆపేది టిప్‌కు పూసే చాక్ పొడి. సాఫ్ట్ టిప్ చాక్‌ను బాగా పట్టుకుంటుంది. హార్డ్ అయితే ప్రతి షాట్‌కూ పూయాలి, నున్నబడ్డప్పుడల్లా గీకాలి. సాఫ్ట్ మహిమంతా అంతే. ఇంకో తేడా వేగంలో ఉంది: చెయ్యి ఊపు అంతే ఉన్నా హార్డ్ టిప్ బాల్‌ను కాస్త జోరుగా పంపుతుంది, సాఫ్ట్ టిప్ కొంత మింగేస్తుంది.

మరి కార్బన్ వల్ల మారిందేమిటి? కొన తేలిక కాబట్టి సైడ్ పెట్టి, అంటే మధ్యకు పక్కగా, కొట్టినప్పుడు వైట్ దారి తప్పడం తగ్గుతుంది. ఆ పుణ్యం కార్బన్ గొట్టానిది, టిప్‌ది కాదు. టిప్ వరకు వస్తే రెండు తేడాలు. ఒకటి చప్పుడు. కట్టె మీద "టప్" అనే తోలు కార్బన్ మీద "టంగ్" అంటుంది. ఒకసారి హార్డ్ పెట్టి చూశాను, పక్క టేబుల్ వాళ్ళు తలలెత్తి చూశారు. రెండోది నాకు నష్టపోయాక తెలిసింది.

మొదట మార్కర్ మాటే విన్నాను. అందులోనూ ఒక తిప్పలుంది. మన వైపు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా స్నూకర్ సైజులు, 10, 11 మిల్లీమీటర్లవి. నా స్టిక్ కొన 12.4. టిప్ ఎప్పుడూ కొన కంటే పెద్దది తెచ్చి అంచు కోసుకోవాలి, అంటే 13కు తక్కువది దండగే. తెలియక 11వి కొన్నాను. చిన్న సైజు చెప్పులో మడమ బయటికి వచ్చినట్టు చుట్టూ కార్బన్ అంచు కనబడింది. తర్వాత హైదరాబాద్ నుంచి 13వి ఒక డబ్బా తెప్పించుకున్నాను.

ఎల్క్‌మాస్టర్‌తో ఆడటం హాయే. ఆ టంగుమనే చప్పుడు సగం చచ్చింది, మెల్లగా తట్టే షాట్లు చేతికి బాగా తెలిశాయి. కానీ ఒకే డబ్బాలో ఒకటి దూదిలా, ఇంకోటి పోకచెక్కలా ఉంటాయి. దీనికి అమెరికా ఆటగాళ్ళు కొందరు ఒక చిట్కా చేస్తారు: టిప్‌ను పాలలో నానబెట్టి, ఆరబెట్టి, బిగించి ఒత్తుతారు. మార్కర్‌కు చెబితే "పాలు పొయ్యనీకి ఇదేమన్న నాగుల పంచమా అన్నా" అని నవ్వాడు. నేను మాత్రం ఒక గ్లాసు పాలు పాడుచేశాను. గట్టిపడ్డ మాట నిజం. ఇంట్లో ఆ గిన్నె మళ్ళీ నాకివ్వలేదు.

అసలు చిక్కు, నేనన్న ఆ రెండో తేడా, ఉబ్బుతో వచ్చింది. మెత్తటి తోలు దెబ్బలకు అణిగి, పుట్టగొడుగులా అంచులు బయటికి వస్తాయి. కట్టె స్టిక్‌కు టిప్ కింద ఫెర్రూల్ అనే తెల్లటి తొడుగు ఉంటుంది. గరుకు కాగితం దానికి కాస్త తగిలినా రుద్ది నున్న చేసుకోవచ్చు. చాలా కార్బన్ స్టిక్కులకు ఆ తొడుగు ఉండదు, ఉన్నా పొట్టిది. తోలు దిగితే కార్బనే. రెండు వారాలకోసారి ఉబ్బు తీయించుకుంటూ ఉంటే, ఒకనాడు మార్కర్ అలవాటు కొద్దీ గరుకు కాగితం చుట్టి స్టిక్‌ను గిర్రున తిప్పాడు. అంచున బూడిదరంగు గీత పడింది, ఇప్పటికీ అట్లే ఉంది. అతన్ని ఏమనగలం, ఏళ్ళుగా కట్టె స్టిక్కులకు చేస్తున్న పనే చేశాడు. ఆ నల్ల పొడి పీల్చడం ఒంటికి మంచిది కాదని కూడా అప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

కాబట్టి కార్బన్ మీద నేను చూసేది స్క్రూ కాదు, ఏడాదిలో ఎన్నిసార్లు కొన దగ్గరికి గరుకు కాగితం పోవాల్సి వస్తుందన్నది. ఈ లెక్కలో పొరల టిప్ గెలిచింది. పెట్టిన కొత్తలో ఒకసారి అంచు సరిచేస్తే నెలల తరబడి ఆకారం నిలబడింది. ఒక టిప్‌కూ ఇంకో టిప్‌కూ తేడా కూడా తక్కువే.

వానకాలంలో కూడా పరీక్ష అయింది. బోనాలకు డప్పులోళ్ళు మధ్యమధ్యలో మంట వేసి డప్పు కాచుకోవడం చూసినవాళ్ళకు నేను చెప్పేదేం లేదు. తేమకు తోలు సడలుతుంది, సెగకు బిగుస్తుంది. నీలం టిప్ శ్రావణంలో ఒక తీరు, మన మే ఎండల్లో ఒక తీరు ఆడింది. పొరల టిప్‌లో ఆ తేడా నాకు అంతగా కనబడలేదు, పొరకూ పొరకూ నడుమ జిగురు ఉన్నందుకేమో. దాని రోగం వేరే: పొర లేవడం. అంచున సన్న చీలిక కనిపిస్తే ఆ పొర దాకా గీకెయ్యాలి. కింది పొర లేస్తే మాత్రం పైసలు పోయినట్టే. ఒకే ముక్క తోలుకు ఈ భయం లేదు.

ఇక పొరల్లో సాఫ్టా, మీడియమా? ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ హార్డ్ అంత గట్టిగా ఉండొచ్చు, అందరికీ ఒకే కొలత లేదు. నేను ఒకే కంపెనీవి రెండూ వాడాను. సాఫ్ట్ ఆడుతూ ఆడుతూ అణిగి, నెలా రెండు నెలల్లో మీడియం అంత అవుతుంది. ఈలోపు వేగం రోజుకో తీరుగా ఉంటుంది, చెయ్యి కుదరదు. పైగా మా టేబుల్ బట్ట పాతది, బాల్ దేకుతుంది. అక్కడ సాఫ్ట్ మింగేసే వేగానికి నా భుజం జవాబు చెప్పాలి. స్నూకర్ నుంచి వచ్చి, మెల్లని షాట్ల మీదే బతికేవాళ్ళు సాఫ్ట్ తీసుకోవచ్చు. నాకు మీడియం. హార్డ్ టిప్, చాక్ పూయడం మరచిపోనివాళ్ళకు, అంటే నాకు కాదు.

బ్రేక్, అంటే గేమ్ మొదట్లో బాల్స్‌ను చెదరగొట్టే షాట్, మాత్రం ఏ టిప్ ఉన్నా ఈ స్టిక్‌తో కొట్టను. ఆ దెబ్బకే టిప్ ఎక్కువ చస్తుంది. పార్లర్ కట్టె స్టిక్ ఉండనే ఉంది.

పెట్టించేటప్పుడు కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. పాత టిప్ ఊడదీయడానికి లైటర్ మంట పెట్టనివ్వకండి, కార్బన్‌ను పట్టి ఉంచే రెసిన్ వేడికి చెడుతుంది. బ్లేడుతో పొరలు పొరలుగా కోసి, మిగిలింది చేత్తో మెల్లగా గీకితే చాలు. కొన చుట్టూ రెండు వరసల టేప్ వేశాకే అంచు సరిచేయాలి. నీళ్ళలాంటి జిగురు తోలులోకి ఇంకి కింది భాగాన్ని రాయిలా చేస్తుంది, అందుకే చిక్కటి జెల్ రకం నయం. కముయిలో క్లియర్ అనే రకానికి అడుగున పారదర్శకమైన బిళ్ల ఉండేది ఈ ఇంకుడు ఆపడానికే. పై వంపుకు అమెరికావాళ్ళు తమ నికెల్ నాణేన్ని కొలతగా పెట్టుకుంటారు, అది 21.2 మిల్లీమీటర్లు. 2011లో మొదలైన వరస మన రూపాయి బిళ్ల 22కు దగ్గర, దాన్ని ఆనించి చూసుకుంటే సరిపోతుంది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. మహబూబ్‌నగర్‌లో మా బామ్మర్దికీ కార్బన్ స్టిక్ ఉంది, దాని మీద ఎప్పుడూ ఎల్క్‌మాస్టరే. నెలకొకటి, టేప్ చుట్టుకొని ఇంట్లో కూచొని తానే మార్చుకుంటాడు, వాడి స్టిక్ మీద ఒక్క గీత లేదు. నిరుడు దసరాకు వచ్చి ఐదు గేముల్లో నాలుగు నా మీద గెలిచాడు. నా టిప్‌ను వేలితో తట్టి చూసి, "బావా, నీ ఒక్క టిప్ పైసలతోని నేను ఏడాది ఆడ్త" అన్నాడు.