పాత పికప్‌కు పవర్ స్టీరింగ్: అయిదు మామిడి కాపుల తర్వాత

ఏప్రిల్‌లో విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌లో బండి వెనక్కు పెట్టినవారికి పవర్ స్టీరింగ్ ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇటు లారీలు, అటు లారీలు, మధ్యలో ట్రేలు మోసే కూలీలు, వెనక హారన్ కొడుతూ మరో పది బండ్లు. ఆ ఇరుకులో, నిండు లోడుతో నిలిచిపోయిన బండి ముందు చక్రాలను నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే చేతులు వణికేవి. నాన్న ఎనిమిది కాపులు అలాగే తిప్పారు. 2020 వేసవి ముగిసేసరికి ఆయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది.

మాది 2012 మోడల్ మహీంద్రా బొలెరో పికప్. 2523 సీసీ డీజిల్ ఇంజను, ముందూ వెనకా కమాను పట్టీలు. అదే బండిని పవర్ స్టీరింగ్‌తోనూ, లేకుండానూ అమ్మేవారు. ధరలో తేడా చూసి లేనిదే తెచ్చుకున్నాం. ఇంజను ఇప్పటికీ చలికాలం పొద్దున కూడా ఒక్క తిప్పుకే అందుకుంటుంది, చాసిస్‌కు తుప్పు లేదు. భుజం పట్టేసిందని ఇంత మంచి బండిని అమ్మడానికి మాకు మనసు రాలేదు. అందుకే 2021 జనవరిలో, తోటలో పని పలచగా ఉన్న రోజుల్లో, ఇంటి దగ్గరే పవర్ స్టీరింగ్ బిగించుకున్నాను. అప్పటి నుంచి అయిదు కాపులు దాటాయి, 71,000 కిలోమీటర్లు తిరిగింది.

సామాన్లు కొనే ముందు చేసిన ఒక పని గురించి మొదట చెప్పాలి. మామిడి ట్రేలు తూచే కొక్కెం కాటాను తాడుతో స్టీరింగ్ అంచుకు కట్టి, సిమెంటు నేల మీద ఖాళీ బండిని నిలబెట్టి లాగి చూశాను. కాటా ముల్లు 19 కిలోల దగ్గర ఉన్నప్పుడు చక్రాలు కదిలాయి. ఖాళీ బండికే ఇంత బరువేమిటని ముందు చక్రాలు లేపి చూస్తే కుడివైపు కింగ్ పిన్, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు ఇరుసు, దాదాపు బిగుసుకుపోయి ఉంది. గ్రీజు ఎక్కించే చిన్న మూతి, నిపుల్, లోపల మట్టి గడ్డకట్టింది. గన్ ఎంత నొక్కినా గ్రీజు పక్కనుంచి కారిందే తప్ప లోపలికి వెళ్లలేదు. పిన్ చుట్టూ ఉండే గొట్టం, బుష్, ఎన్నాళ్లుగా ఎండిపోయి తిరుగుతోందో తెలియదు.

రెండువైపులా కింగ్ పిన్ కిట్లు, బేరింగులు, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ చివరి కీళ్లు (టై రాడ్ ఎండ్లు) మార్చాను. కొత్త బుష్‌లకు పిన్ సరిగ్గా పట్టేలా లేత్ షాపులో రీమర్‌తో రంధ్రం సాపు చేయించాను. అన్నీ కలిపి 6,800 రూపాయలు. మళ్లీ కాటా కట్టి లాగితే 13 కిలోలు. అంటే నాన్న భుజం మీద పడిన బరువులో మూడో వంతు పవర్ స్టీరింగ్ లేనందువల్ల వచ్చింది కాదు, మేము గ్రీజు పట్టించనందువల్ల వచ్చింది. ఈ లెక్క నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. బండి స్టీరింగ్ బరువుగా ఉందనేవారికి నా మొదటి సలహా ఇదే: కిట్ ధర అడిగే ముందు చక్రాలు లేపి చూడండి.

ఆ తర్వాత పాత బండ్ల సామాను కోసం విజయవాడ జవహర్ ఆటోనగర్ వెళ్లాను. నాకు కావలసింది ఇదే మోడల్‌లో కంపెనీ నుంచే పవర్ స్టీరింగ్‌తో వచ్చిన బండి సామాను: స్టీరింగ్ బాక్స్, పంపు, పంపును ఇంజనుకు పట్టించే బ్రాకెట్, క్రాంకు మీదకు అదనపు పుల్లీ, నూనె డబ్బా, పైపులు, బాక్స్ తిప్పుడును చక్రాల వైపు అందించే చెయ్యి (డ్రాప్ ఆర్మ్). వేరే బండ్ల బాక్స్‌లు తక్కువ ధరకు దొరికాయి, కానీ వాటికి డ్రాప్ ఆర్మ్ పొడవు వేరు, రంధ్రాలు వేరు. స్టీరింగ్ భాగాల్లో వెల్డింగ్ పెట్టకూడదని ముందే నిర్ణయించుకున్నాను. వెల్డింగ్ విడిపోతే ఆ క్షణంలో చేతిలో ఉండేది చక్రాలతో సంబంధం తెగిన స్టీరింగ్ మాత్రమే.

అక్కడ ఒక పెద్దాయన చెప్పిన మాట నాకు వేల రూపాయలు మిగిల్చింది. "బాబూ, బాక్స్ పైన చూడడానికి బాగుందని కొనకు. షాఫ్ట్ పట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పు. నట్టనడుమ కాస్త బిగువు తగలాలి, చివర్లకు పోయేకొద్దీ వదులు కావాలి. నడుమ కూడా వదులుగా ఉంటే అది తిరిగి తిరిగి అరిగిపోయిందని గుర్తు." మూడు బాక్స్‌లు తిప్పి చూశాను. మూడోదానికి ఆ బిగువు తగిలింది. సామానంతా 18,500 రూపాయలు అయింది.

లోపల జరిగేది తెలిస్తే బిగించేటప్పుడు భయం పోతుంది. స్టీరింగ్ నుంచి వచ్చే షాఫ్ట్‌కూ, బాక్స్ లోపలి స్క్రూకూ మధ్య సన్నని ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. మనం తిప్పినప్పుడు చక్రాలు ఎదురుతన్నితే ఆ కడ్డీ రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలికకు వాల్వు తెరుచుకుని, పంపు నుంచి వచ్చే నూనెను పిస్టన్‌కు కావలసిన వైపు పంపుతుంది. చెయ్యి వదిలితే కడ్డీ సర్దుకుంటుంది, వాల్వు మళ్లీ నడుమకు వస్తుంది. పైపులో నూనె ఒత్తిడి చక్రం పూర్తిగా తిరిగినప్పుడు 80 బార్ దాటుతుంది, అంటే టైరులోని గాలికి ఇరవై రెట్లు. నూనె ఒత్తిడితో నడిచే పవర్ స్టీరింగ్ కొత్తది కాదు. అమెరికాలో 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో మార్కెట్‌లోకి వచ్చింది. డెబ్బై ఏళ్లలో పల్లె మెకానిక్ కూడా విప్పి బాగుచేయగలిగే స్థితికి చేరిన పద్ధతి కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. విద్యుత్తుతో నడిచే కిట్లూ చూశాను. నిలబడిన బండిలో స్టీరింగ్ గట్టిగా తిప్పితే అవి బ్యాటరీ నుంచి నలభై, యాభై ఆంపియర్లు లాగుతాయి. మా పాత ఆల్టర్నేటర్ మీద ఆ భారం వేయడం నాకు నచ్చలేదు.

పని మొత్తం రెండున్నర రోజులు పట్టింది. పాత డ్రాప్ ఆర్మ్ ఊడదీయడానికే సగం రోజు పోయింది. సుత్తితో కొడితే షాఫ్ట్ లోపలి పళ్లు దెబ్బతింటాయి. పుల్లర్ బిగించి, రాత్రంతా చొరబడే నూనె పోసి ఉంచితే పొద్దున పుల్లర్‌ను ఇంకొక్క చుట్టు తిప్పగానే టప్పున ఊడింది. జాక్ మీద మాత్రమే బండిని నిలిపి కిందకు దూరవద్దు. నేను రెండు ఇనుప స్టాండ్లు పెట్టి, వాటి పక్కన చక్రాలు కూడా పడుకోబెట్టాను.

నా పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. అంతా బిగించాక చక్రాలు తిన్నగా ఉన్నాయి, స్టీరింగ్ మాత్రం పక్కకు తిరిగి ఉంది. దాన్ని ఊడదీసి తిన్నగా పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. బయటికి తిన్నగానే కనిపించింది. నడిపితే తిన్నని రోడ్డు మీద బండి నీళ్లలో తేలినట్టు ఊగింది, కుడికి ఎక్కువ తిరిగి ఎడమకు తక్కువ తిరిగింది. పెద్దాయన చెప్పిన నట్టనడుమ బిగువు అప్పుడు గుర్తుకొచ్చింది. బండి తిన్నగా వెళ్లేటప్పుడు బాక్స్ ఆ బిగువు దగ్గర ఉండాలి. నాది చుట్టులో పావు వంతు పక్కన ఉంది. అన్నీ మళ్లీ విప్పాను. డ్రాప్ ఆర్మ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ (డ్రాగ్ లింక్) విడదీసి, బాక్స్‌ను ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పితే మూడుముప్పావు చుట్లు వచ్చాయి. సరిగ్గా సగం దగ్గర ఆపి గుర్తుపెట్టాను. స్టీరింగ్‌ను ఆ గుర్తు దగ్గర తిన్నగా పెట్టి, మిగిలిన తేడాను డ్రాగ్ లింక్ పొడవులో సర్దాను. ఊగడం ఆగిపోయింది.

నూనె పోయడంలో తొందర పనికిరాదు. ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపి ఉంచి, ఏటీఎఫ్ అనే పవర్ స్టీరింగ్ నూనె పోస్తూ ఒక చివరనుంచి ఇంకో చివరకు ఇరవైసార్లు నెమ్మదిగా తిప్పించాను. అక్క స్టీరింగ్ దగ్గర కూర్చుంది, నేను డబ్బా దగ్గర నిలబడ్డాను. బుడగలు ఆగిన తర్వాతే ఇంజను ఆన్ చేశాం. నురుగు ఉండగానే ఇంజను నడిపితే పంపు ఏడ్చినట్టు అరుస్తుంది, ఆ అరుపుతోనే పంపు ఆయుష్షు తగ్గుతుంది. చివరగా చక్రం పూర్తిగా తిరిగినప్పుడు యాక్సిల్ మీద ఉన్న స్టాప్ బోల్టు ముందు తగులుతోందా, బాక్స్ లోపలి చివర ముందు తగులుతోందా అని చూశాను. బోల్టే ముందు తగలాలి. లేకపోతే మలుపు తిరిగిన ప్రతిసారీ దెబ్బ బాక్స్ మీదే పడుతుంది.

మళ్లీ కాటా కట్టి లాగాను. రెండున్నర కిలోలు! నాన్న వచ్చి కూర్చుని ఎడమ చేత్తోనే ఇటు చివరనుంచి అటు చివరకు తిప్పారు. ఏమీ అనలేదు. రెండోసారి కూడా తిప్పారు.

మొదటి కాపు సగంలో పాఠం నేర్చుకోవలసి వచ్చింది. పాత సామానుతో పాటు వచ్చిన ఒత్తిడి పైపు కొనదగ్గర చెమ్మ కనిపిస్తే తుడిచి ఊరుకున్నాను. మే నెలలో ఆగిరిపల్లి దాటాక, నిండు బంగినపల్లి లోడుతో మలుపు తిరుగుతుండగా పైపు పగిలింది. అప్పుడు స్టీరింగ్ పాతరోజుల్లోకన్నా బరువైపోయింది. ఇది చాలామందికి తెలియని విషయం. మామూలు బాక్స్‌లో చక్రాలు పూర్తిగా తిరగడానికి అయిదు చుట్లకు పైగా తిప్పాలి, అందుకే ఒక్కో చుట్టుకు బలం తక్కువ చాలు. పవర్ బాక్స్‌లో నాలుగు చుట్లు కూడా లేవు. నూనె సాయం పోతే ఆ తేడా అంతా చేతుల మీద పడుతుంది, లోపల మిగిలిన నూనెను నెట్టే భారం కూడా కలుస్తుంది. వేగం తక్కువ కాబట్టి బండిని పక్కకు తీయగలిగాను. మర్నాడే కొత్త పైపు వేశాను, 1,900 రూపాయలు. మిగతావన్నీ పాతవి కొనండి, ఒత్తిడి పైపు మాత్రం కొత్తదే వేయండి.

ఆ తర్వాత పెద్ద ఇబ్బంది రాలేదు. బెల్టు రెండుసార్లు మార్చాను. 52,000 కిలోమీటర్ల దగ్గర బాక్స్ అడుగున, డ్రాప్ ఆర్మ్ షాఫ్ట్ దగ్గర నూనె కారితే సీలు వేశాను. నూనె రెండేళ్లకోసారి మారుస్తున్నాను. రెండోసారి తీసినప్పుడు నల్లబడి మాడువాసన వచ్చింది, ఇక ఏడాదిన్నరకే మార్చాలనుకుంటున్నాను. లీటరుకు పదకొండున్నర కిలోమీటర్లు ఇచ్చే బండి పదకొండుకు కాస్త పైన ఇస్తోంది. ఎనిమిదేళ్లు దాటిన సరకు బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్తున్నాం. అదే మోడల్ సామాను, ఎక్కడా వెల్డింగ్ లేదు కాబట్టి ఒక్కసారి కూడా అభ్యంతరం రాలేదు.

ఇంత సుఖం ఇచ్చినదాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. ఇది బండి బాధను చేతికి తెలియనివ్వదు. పాత స్టీరింగ్‌లో ఎడమ టైరులో గాలి తగ్గితే నాన్న తోట గేటు దాటకముందే చెప్పేవారు. టై రాడ్ ఎండ్ వదులైతే అరచేతిలో గిలగిల తెలిసేది. ఇప్పుడు నూనె ఆ కబురంతా మధ్యలోనే మింగేస్తుంది. 2023లో ఎడమ టైరు లోపలి అంచు దారాలు బయటపడేవరకు ఎలైన్‌మెంట్ (ముందు చక్రాల పొందిక) పోయిందని నాకు తెలియలేదు. రెండు టైర్లు పోయాయి.

అప్పటి నుంచి నెలకొకసారి ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపి, అదే కాటాతో స్టీరింగ్‌ను లాగి చూస్తున్నాను. అన్నీ బాగుంటే నాలుగు కిలోలు చూపిస్తుంది. అంకెను తోట లెక్కల పుస్తకంలోనే చివరి పేజీలో రాస్తాను. ఇంకొక అలవాటు నాన్న పట్టుబట్టి నేర్పించినది: బండి రవ్వంతైనా కదలనిదే స్టీరింగ్ తిప్పకూడదు. స్టీరింగ్ తేలికైందని నిలబడిన చోటే తిప్పేస్తే టైరు నేలతో రాపిడికి అరుగుతుంది, టై రాడ్ ఎండ్లు ఆ బలానికి వదులవుతాయి. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవడం కూడా మంచిది కాదు. అయిదు సెకన్లలోపే కొద్దిగా వదలాలి.

ఇప్పుడు మార్కెట్‌కు ఎక్కువగా వెళ్లేది అక్క. లైసెన్సు ఆమెకు నాకన్నా ముందునుంచే ఉంది. ఈ బండిని తోట ఆవరణలో తిప్పడానికే ఇద్దరు కావలసి వచ్చేది కాబట్టి ఎప్పుడూ ముట్టలేదు. పోయిన కాపులో చిన్న రసాల లోడ్లు దాదాపు అన్నీ ఆమే దించి వచ్చింది. "తమ్ముడూ, వెనక్కు పెట్టేటప్పుడు లారీవాళ్లే దారి ఇస్తున్నారు" అంది ఒకరోజు.

పోయిన ఆదివారం కాటా ఆరున్నర చూపించింది. కుడివైపు నిపుల్‌లోకి గ్రీజు మళ్లీ దిగడం లేదు. నడిపేటప్పుడు అక్కకూ, నాకూ ఏ తేడా తెలియలేదు. సంక్రాంతి వెళ్లగానే కుడి కింగ్ పిన్ విప్పాలి.