శ్రుతి కాస్త ఎక్కువుంది: విజయనగరంలో జాజ్ రికార్డుల కోసం మూడు రోజులు

లాడ్జిలో గది చూపించగానే నేను ముందు టేబుల్ మీద చెయ్యేసి ఊపి చూస్తాను. ఊగితే ఆ గది నాకు పనికిరాదు. తర్వాత చూసేది ప్లగ్ పాయింట్ టేబుల్‌కి ఎంత దూరంలో ఉందని. బాత్రూమ్, ఏసీ అన్నీ ఆ తర్వాతే. ఊరెళ్లినప్పుడు నా చిన్న రికార్డ్ ప్లేయర్ కూడా వెంట వస్తుంది. పాత రికార్డును కళ్లతో చూసి కొనేసి, ఇంటికొచ్చాక చెంపలేసుకున్న రోజులు చాలా ఉన్నాయి. అందుకే ఇప్పుడు విన్నాకే కొంటున్నాను.

ఈసారి రాజమండ్రి నుంచి విజయనగరం వెళ్లడానికి కారణం ఒక మిత్రుడి ఫోన్. కోట దగ్గర ఒక ఇంట్లో, ఓడల్లో ఇంజనీరుగా చేసిన పెద్దాయన వదిలివెళ్లిన రికార్డులు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయన్నాడు. ఎక్కువ భాగం ఇంగ్లీషువి, "బాకాల సంగీతం" అని వాళ్లింట్లో వాళ్లు అంటారట. బాకాలంటే నేను వెతికే జాజ్, అమెరికాలో పుట్టిన ఆ సంగీతమే కావచ్చనిపించి వెంటనే టికెట్ తీశాను.

కార్తీకమాసం కాబట్టి ఎండ భయం లేదు. మేలో అయితే వెళ్లమని ఎవరికీ చెప్పను. వినైల్ రికార్డు వేడికి వంకర తిరిగిపోతుంది, ఎండలో ఆగిన కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం చాలు. సిరిమాను ఉత్సవం రోజుల్లో కూడా ఈ పని పెట్టుకోవద్దు. పైడితల్లి అమ్మవారిని చూడాలంటే తప్పకుండా వెళ్లండి కానీ, ఆ జనంలో గాజులాంటి సరుకు చేత్తో పట్టుకుని నడవలేం. రైల్లో ప్లేయర్‌ని బెర్త్ కింద పెట్టకుండా పక్కనే పెట్టుకున్నాను. బెల్ట్ ఊడదీసి, ముల్లుని మోసే టోన్ ఆర్మ్‌ని మెత్తటి గుడ్డతో కట్టేసి, ముల్లుకి తొడుగు వేసి. ప్రయాణంలో ముల్లు విరిగితే విజయనగరంలో వెంటనే దొరకదు, అందుకని ఇంకోటి జేబులో.

మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, అద్దె 1,300. కానీ తెల్లవారుజామున మొదలైన బస్సు హారన్లు ఆగలేదు, ప్లగ్ పాయింట్ మంచం తలవైపు పైన ఉంది. నిద్రకి పర్లేదు, వినడానికి మాత్రం కాదు. మర్నాడు కంటోన్మెంట్ వైపు ఇంకో చోటికి మారాను. అక్కడ 1,700 తీసుకున్నారు. వెనకవైపు గది, కిటికీలోంచి కొబ్బరిచెట్లు, రాయిలాంటి చెక్క టేబుల్. కరెంటు పోతే జనరేటర్ వేసేముందు కుర్రాడు తలుపు కొట్టి చెప్పాడు. ప్లేయర్ నడుస్తుండగా కరెంటు వచ్చిపోతుంటే ఎంత టెన్షనో తెలిసినవాడికి ఆ తలుపు చప్పుడు విలువ తెలుస్తుంది. టిఫిన్ మాత్రం లాడ్జిలో వద్దు. గంటస్తంభం దాకా నడిస్తే బండి మీద వేడి పెసరట్టు దొరుకుతుంది.

గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట వైపు పొద్దున్నే నడవడం నాకు బాగా నచ్చింది. 1713లో మొదలుపెట్టిన కోట అది. దానికి దగ్గర్లోనే మహారాజా సంగీత కళాశాల. 1919లో విజయరామ గజపతిరాజు పెట్టించారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. అదే ఏడు వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఇక్కడే వారాలు చేసుకుంటూ, మధూకరం ఎత్తుకుంటూ పాట నేర్చుకున్నారు. గేటు దగ్గర నిలబడితే లోపల ఎవరో పిల్ల సరళీ స్వరాలు సాధన చేస్తోంది, అదే వరస మళ్లీ మళ్లీ. పది నిమిషాలు కదల్లేకపోయాను.

ఇక ఆ ఇల్లు. ఆటో అతను నా పెట్టెవైపు చూసి "ఏటి బావూ అందులో, గాజు సామానా?" అన్నాడు. దాదాపు అంతే అన్నాను. గోతులొచ్చినచోటల్లా దాదాపు ఆపేసి, మెల్లిగా దించి తీసుకెళ్లాడు. ఎనభై అడిగాడు, వంద ఇచ్చాను. ఈ ప్రయాణంలో నాకు అందిన సేవల్లో అదే మేలైనది.

తలుపు తీసిన ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, చాలా ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పారు. ట్రంకుపెట్టెలు మావారివి అన్నారు. ఆయన పోయాక ఎవరూ తెరవలేదట. తెరిస్తే కర్పూరం వాసన. ఒక పెట్టెలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు, ఇంకోదాంట్లో ఎల్పీలు, అంటే తర్వాతి కాలపు పెద్ద వినైల్ రికార్డులు. అన్నీ నిలువుగా, ఒకదానిమీద ఒకటి బరువు పడకుండా సర్ది ఉన్నాయి. ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు, కానీ ఆ సర్దుడు చూశాక ఆయనంటే గౌరవం కలిగింది.

78లలో ఒకటి టెడ్డీ వెదర్‌ఫర్డ్ బ్యాండుది. అమెరికా నుంచి వచ్చి కలకత్తా గ్రాండ్ హోటల్లో పియానో వాయించిన మనిషి, 1945లో అక్కడే కలరాతో పోయాడు. మన హౌరా లైను మీదున్న ఊళ్లలో ఇలాంటి రికార్డు కనిపించిందంటే, కలకత్తాలో కొన్నదే అయ్యుండాలని నా ఊహ. దాని మీద బూజు తెల్లగా పట్టింది. ఆవిడ స్పిరిట్ సీసా తేబోతే ఆపాను. 78లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. నీళ్లలో ఒక్క చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ, మధ్యలో లేబుల్ తడవకూడదు, అంతే. ఎల్పీలను ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని ఒక్కొక్కటే చూశాను. పైపై గీతలు ఫర్వాలేదు. గోరుకి తగిలే గీత ఉంటే మాత్రం అది ప్రతి చుట్టుకీ టిక్కుమంటుంది.

ఆరోదో ఏడోదో తీసేసరికి చెయ్యి ఆగింది. ఎర్ర లేబుల్, అటు మూడు ఇటు మూడు కళ్లలాంటి గుర్తులు. అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', అమెరికాలో కొలంబియా కంపెనీ వేసిన పాత ముద్ర. అప్పటికే చీకటి పడింది. "ఎల్లుండి రండి బాబూ, తీరిగ్గా విందాం. ఈయన ఏం విన్నారో నేనూ ఎప్పుడూ సరిగ్గా కూర్చుని వినలేదు" అన్నారావిడ.

మధ్యలో ఒక రోజు శ్రీకాకుళం వెళ్లొచ్చాను. రైల్లో వెళ్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, ఊరు అక్కణ్నుంచి ఇంకో పన్నెండు పదమూడు కిలోమీటర్లు. అందుకని బస్సే సుఖం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒకరింట్లో చూసిన పెట్టెలో జాజ్ ఏమీ లేదు, అన్నీ పౌరాణిక నాటకాల పద్యాలు. రెండు తీసుకున్నాను. నాలుగు గంటలకోసమని తీసుకున్న లాడ్జి గదిలో సామాను పెట్టి అరసవల్లి దర్శనానికి వెళ్లొచ్చేసరికి, పనివాడు గది ఊడుస్తూ రికార్డుల సంచీ పడుకోబెట్టి దాని మీద సూట్‌కేసు పెట్టాడు. వాటిలో ఒకటి విరిగి రెండు ముక్కలైంది. కౌంటర్‌లో చెబితే "పాత ప్లేటే కదా సార్" అన్నారు. అద్దెలో పైసా తగ్గించలేదు. డబ్బు గురించి కాదు బాధ, ఆ గొంతు ఇంకెక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. ఊరిమీద కోపం లేదు. అరసవల్లిలో దర్శనం ప్రశాంతంగా జరిగింది, సాయంత్రం నాగావళి వంతెన మీద గాలి బాగుంది. రికార్డులు మాత్రం ఇకపై గదిలో వదిలి వెళ్లను.

మూడో రోజు సాయంత్రం ఆవిడ ముందుగదిలో ప్లేయర్ పెట్టాను. వేగం సరిచూడటానికి, తిరిగే పళ్లెం మీద పెట్టే చారల కాగితం ఒకటి నా దగ్గర ఉంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకి, ఎల్పీ తిరిగే నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి చుట్టూ 180 చారలు. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద చారలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు కింద ఈ పని చాలాసార్లు కుదరదు. వాళ్లింట్లో పాత లైటే ఉంది, చారలు నిలబడ్డాయి.

మొదటి వైపు, మొదటి ట్యూన్ 'సో వాట్'. బేస్, అంటే మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం, ఒక ప్రశ్నలా అడుగుతుంది, మిగతావాళ్లు రెండేసి స్వరాలతో జవాబిస్తారు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కాసేపటికి "ఇది ఖరహరప్రియ కదా" అన్నారు. అవును, మన ఆ రాగాన్ని జాజ్ వాళ్లు డోరియన్ అంటారు, స్వరాలు అవే. 32 బార్ల (నాలుగేసి దెబ్బల ఖండాల) ఆవర్తనంలో మొదటి 16 ఒక షడ్జం మీద, తర్వాతి 8కి షడ్జమే ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, చివరి 8కి మళ్లీ కిందికి. అది నేను చెప్పకముందే, షడ్జం జరిగినప్పుడల్లా ఆవిడ వేలు మోకాలి మీద లేచింది. జరిగిన ప్రతిసారీ.

కోల్ట్రేన్ సాక్సఫోన్ మొదలయ్యేసరికి ఆవిడ లేచి లోపలికి వెళ్లి వయొలిన్ తెచ్చారు. తీగ మీటి చూశారు. శ్రుతిపెట్టె ఆన్ చేశారు, తిప్పారు, ఆపారు. "బాబూ, మీ మెషీన్ తొందరగా తిరుగుతోంది. శ్రుతి కాస్త ఎక్కువుంది. ఏ స్వరస్థానంలోనూ కూర్చోవట్లేదు, రెంటికీ మధ్యలో ఉంది."

చారల కాగితం చూపించాను. నిలకడగా ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు. రెండో వైపు తిప్పి పెట్టమన్నారు. 'ఆల్ బ్లూస్' వచ్చింది, శ్రుతిపెట్టెకి సరిపోయింది. అప్పుడు నా వైపు చూసి, "అయితే మొదటి వైపు వాళ్లే తప్పు ఎక్కించారు" అన్నారు.

నాకు ఒళ్లు జలదరించింది. నిజం అదే. న్యూయార్క్‌లో ఈ రికార్డుని 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు విడతల్లో ఎక్కించారు. మొదటి వైపు ఉన్న మూడు ట్యూన్లూ మార్చి 2వి. ఆ రోజు అసలు టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా ఎక్కిన టేపుని మామూలు వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. పక్కన ఇంకో మెషీన్ మీద ఎక్కించిన టేపుతో 1992లో గానీ కంపెనీ దాన్ని సరిచెయ్యలేదు. అన్నేళ్లపాటు ప్రపంచమంతా ఆ మొదటి వైపుని ఎక్కువ శ్రుతిలోనే విన్నది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. ఆవిడ పావుగంటలో చెవితో పట్టుకున్నారు.

రికార్డులు ఎంతకిస్తారన్న మాట ఆ తర్వాత వచ్చింది. వెదర్‌ఫర్డ్ 78, ఇంకో నాలుగు ఎల్పీలు తీసుకున్నాను. నేనన్న ధరకి ఆవిడ బేరం ఆడలేదు, నేనే ఇంకొంచెం కలిపాను. 'కైండ్ ఆఫ్ బ్లూ' అడగలేదు. ఆవిడ ఒళ్లోంచి అట్ట కిందపెట్టలేదు మరి. రాజమండ్రి వెళ్లాక మామూలు ప్లేయర్ ఒకటి చూసి పంపిస్తానని చెప్పాను.

బయల్దేరేముందు మళ్లీ మొదటి వైపు పెట్టమన్నారు. ఈసారి శ్రుతిపెట్టె జోలికి పోలేదు. వయొలిన్ బిరడలు మెల్లమెల్లగా తిప్పి, తీగల్ని ఆ మధ్యలో ఉన్న శ్రుతికే తెచ్చారు. బేస్ అడిగినప్పుడు కమాను తీశారు.